నాచురంగు జుట్టు

ఆ ఆదివారం ఇంట్లో అక్క, పిన్ని, నేను, జ్వరంతో పడుకున్న నాన్న ఉన్నాం. స్నానాలగదిలో పిన్ని అక్క తలను మూడోసారి కడుగుతోంది. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"పోయిందా పిన్నీ?" అక్క అడిగింది.

"ఎక్కడ పోతుందే? ఇంకా నాచు పట్టినట్టే ఉంది. పార్లర్ వాళ్లేమన్నారు?"

"ఇక మావల్ల కాదన్నారు."

"రంగు వేసేముందు, జుట్టుకేమైనా రాస్తున్నావా అని అడగలేదా?"

"అడిగారు. ఏమీ లేదన్నాను."

"మరి నెలనెలా రాసుకునే ఆ నల్లపొడి?"

"ఇరవై రెండేళ్లకే తల నెరిసిందని అంతమందిలో ఎలా చెప్పను పిన్నీ?"

"పిచ్చిమొహమా! ఆ పొడి మీద వాళ్ల మందు పడితే ఇలా కాక ఇంకెలా అవుతుంది? డాక్టరు దగ్గర రోగం దాచినట్టుంది నీ తెలివి."

"తర్వాత తిడుదువుగానిలే. రేపు పదింటికి హోటల్లో చేరాలి. రిసెప్షన్‌లో నిలబడే ఉద్యోగం. ఈ తలతో వెళ్తే గుమ్మంలోంచే పంపేస్తారు. పైన నల్లరంగు వేసెయ్."

"వేద్దామనే చూశాను. దువ్వెన పెడితేనే తెగి వస్తోంది. ఇదిగో."

"అమ్మో, ఇంత జుట్టా!"

"ఇంకో మందు పడితే ఇదీ మిగలదు."

"పోనీ, చెవుల దాకా కత్తిరించెయ్."

"పచ్చదనం మొదళ్ల దాకా ఉందే తల్లీ."

"అంటే గుండేనా?"

అక్క మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. నేను నోటికొచ్చింది అడిగేశాను.

"అక్కా, నీకు తెల్లవెంట్రుకలు ఉన్నాయా?"

అక్క తల ఎత్తి నన్ను చూసింది. లేచి వచ్చి నా మొహం మీదే తలుపు వేసేసింది.