డాక్టర్ జగన్నాధం గారు చెయ్యని ఆపరేషన్

1995 జూలై మూడవ తేదీన కొత్తవలసలో వైద్యాధికారిగా ఉద్యోగ ప్రవేశం చేసి, అనంతరం ఎముకల శస్త్రచికిత్సలో ఉన్నత విద్యనభ్యసించి, 2004 నుండి విజయనగరంలోని మన ఆసుపత్రికి వెన్నెముకగా నిలిచిన డాక్టర్ జగన్నాధం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వ్యాసం రాయవలసింది వారి సహోద్యోగి, ఫార్మసిస్టు హరిబాబు గారు. ఇంట్లో చాలా పనుల్లాగే ఇదీ ఆయన భార్యనైన నాకు సంక్రమించింది.

వారు నిలబెట్టిన కాళ్ళ గురించి ఇతరులు రాస్తారు. ఇంకా నిలబడని ఒక కాలి గురించి నేను విన్నవిస్తాను.

మా అత్తగారు గున్నమ్మ గారు కళింగపట్నంలో చేపలమ్మిన మనిషి. వేరే ఊళ్ళో వేయించుకున్న కృత్రిమ మోకీలుకు నిరుడు చీము పట్టింది. కారణమైన క్రిమి ఏదో తెలిస్తే తప్ప తగిన యాంటీబయాటిక్ ఇవ్వలేమని డాక్టరు గారు కీలులోని నీరు సూదితో తీసి పరీక్షకు పంపారు. రెండుమార్లు పంపినా ఏమీ దొరకలేదు. కాలు మాత్రం ఉబ్బుతూనే ఉంది. దుప్పటి మారుస్తుంటే ఆవిడ దిండు కింద యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు బయటపడ్డాయి. కొన్ని మింగారట, కొన్ని విప్పి ఆ పొడి మోకాలి మీద చీము కారే పుండులో పోశారట. మందులిచ్చే ఉద్యోగం కొడుకుది, దాచుకునే విద్య తల్లిది.

"సేప ముల్లు దిగితే మేవందరం అదే ఏస్తాం బాబూ! తప్పేటి?" అన్నారావిడ.

డాక్టరు గారు కోప్పడలేదు. "గేలం ఎయ్యకముందే నీళ్ళల్లో రాయి విసిరీసేవమ్మా. సేప సావలేదు, అడుక్కెళ్ళి దాక్కుంది."

"అయితే ఇప్పుడేటి మందు?"

"ఉన్న మందు ఆపీడమే."

"నన్ను సంపీడానికొచ్చేవేటి నాయనా!"

మందులన్నీ ఆపి, జ్వరాన్ని కనిపెట్టుకుని ఉండి, మళ్ళీ నీరు తీసి, వారు ఆ క్రిమిని పట్టారు. పాత కీలు తొలగించి, తాత్కాలికంగా మందు కలిపిన సిమెంటు దిమ్మ అమర్చి, వారాల తరబడి సూదిమందు ఇప్పించారు. ఆ రోజుల్లోనే పక్క మంచం మీది రామతీర్థం రైతుకు ఇలాంటి చీము వల్లే తొడ దాకా కాలు తీసెయ్యవలసి వచ్చింది. అది చూశాక మా అత్తగారు ఎదురు మాట్లాడడం మానేశారు. ఆవిడ విషయంలో అది ఆరోగ్య లక్షణం కాదు.

కొత్త కీలు అమర్చడమే డాక్టరు గారి చివరి ఆపరేషన్ కావాలని అందరం ఆశించాం. వీడ్కోలు సభ కమిటీ వారు ఫొటోగ్రాఫరును కూడా మాట్లాడారు. మొన్న సోమవారం చేసిన పరీక్షలో క్రిమి మళ్ళీ కనబడింది. ఎందరు బతిమాలినా వినక, వారు ఆపరేషన్ రద్దు చేశారు.

"నా కీలెయ్యకుండా ఎల్లిపోతన్నావేటి బాబూ?" అత్తగారు చాన్నాళ్ళకు నోరు విప్పారు.

"తొందరపడితే కాలే పోతాదమ్మా. నా తరవాతోళ్ళు ఏస్తారు. నేనొచ్చి పక్కన నిలబడతాను."

సూదిమందు మళ్ళీ మొదలైంది. కాలు దక్కుతుందో లేదో ఇంకా తెలియదు. ముప్ఫై ఏళ్ళ సేవకు తానే కిరీటం వద్దనుకున్న ఆ మహనీయునికి సంపూర్ణ ఆయురారోగ్యాలు కలగాలని మా కుటుంబం పక్షాన మనసారా కోరుకుంటున్నాను. అత్తగారి ఆశీర్వచనం మాత్రం ఆవిడ మాటల్లోనే రాయమన్నారు:

"నూరేళ్ళుండాల. దేవుడిచ్చిన మోకాళ్ళతోనే ఉండాల. మల్లీ నా మంచం కాడికి నడిసి రావాల గదా!"

— అరుణశ్రీ