కాశీనాథం సేటు మంచు మీద నడిచిన ముచ్చట

"నేను లేకపోతే నిన్న ఆ సినిమా నడువకపోవు, మహేందర్," అన్నడు కాశీనాథం సేటు, సాసర్ల చాయ్ ఒంపుకుంట.

పొద్దటిసంది ముసురు వట్టింది. గిరాకి లేక ఆటో పక్కకు వెట్టి, యాదగిరన్న చాయ్ హోటల్ల కూసున్న. సేటుకు పాత బస్టాండు కాడ స్టీలు సామాన్ల దుకాణం ఉన్నది. గిన్నెలతో పాటు కోతలు గూడ తూకం మీదనే అమ్ముతడని సిద్దిపేటల అందరికెరుకే. ఆయన బామ్మర్ది నాగభూషణం మూలకు కూసోని బిస్కెట్ నానవెట్టుకుంటుండు. వచ్చినప్పటిసంది నోరిప్పలే.

"ఏ సినిమా సేటు?" అన్న.

"మనం చూసే సినిమా కాదురా. డిగ్రీ కాలేజిల చెప్పే సంగీత మేడం లేదా, ఆమె తెప్పిచ్చింది. నార్వే, ఫిన్లాండు, ఐస్లాండు, గా మంచు దేశాలోళ్లు తీసిన చిన్న చిన్న డాన్సు సినిమాలు. మాటలుండయి, పాటలుండయి, ఉత్త ఒళ్లు కదులుడే. మెదక్ రోడ్డు మీది ఫంక్షను హాల్ల ఏసిన్రు. మేడం మా ఇంటామె కౌసల్యకు దోస్తు, ఎట్లయిన రావాలె అన్నదట, ఇద్దరం పోయినం. పోయి చూస్తే ఏమున్నది, తెర నిండ ముడుతలు! మనిషి బొమ్మ పడితే ముక్కు పోయి చెవి కాడ ఉంటున్నది. నేను ఊకుంటనా? కుర్సీ ఎక్కిన, తాడు గుంజి కట్టిన, తెర అద్దం లెక్కయింది. 'సేటూ, మీరు లేకుంటే ఇయ్యాల నా ఇజ్జత్ పోవు' అన్నది మేడం."

"గంతేనా?" అన్నడు యాదగిరన్న పాలు కలుపుకుంట.

"గంతేనా అంటవేందయ్యా, ఇంక మొదలే వెట్టలే. ముందుగాల ఒక ముసలాయన వచ్చిండు. ఖాళీ ఇల్లు, ఒక్క కుర్సీ, కిటికీ అవుతల మంచు. ఆ కుర్సీని వట్టుకొని డాన్సు చేస్తుండు. ఎత్తుకుంటడు, జోకొడుతడు, దాని చెవుల ఏందో చెప్తడు, కుర్సీకి చెవి ఏడున్నదో ఆయనకే ఎరుక. పెండ్లాం చచ్చిపోయిందేమో పాపం అనుకున్న. కానీ ఎడమకాలు తప్పేస్తుండు. నేను మెల్లగ, ఎవ్వరికి వినవడకుంట, 'పెద్దమనిషీ, ఎడమకాలు' అన్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆయన ఆగిండు. కాలు దిక్కు చూసుకున్నడు. సరిచేసుకున్నడు. నా దిక్కు చూసి తల ఊపిండు!"

"తెర మీది మనిషా?"

"తెర మీది మనిషే! చేర్యాల నకాషోళ్లు గీసే బొమ్మల పటం చూసినవు గదా. గా బొమ్మల కండ్లు ఎంత పెద్దగున్నా మనల్ని చూడయి, మనమే చూడాలె. గీడ అట్ల కాదురా. గీడ బొమ్మ చూస్తున్నది, మనం కనవడుతున్నం. నా ఎనుక కూసున్నోళ్లు అందరు తలలు దించిన్రు. నేను దించలే. ఇగ సలి మొదలైంది."

"ఏసీ పెట్టిన్రేమో."

"ఏసీ లేదు, ఉత్త ఫ్యాన్లు, అవి గూడ బంద్ చేసిన్రు సప్పుడొస్తదని. సలి తెరలకెళ్లి వస్తున్నది, తలుపు సందుల నుంచి వచ్చినట్టు. ముందటి వరుసలోళ్ల నోట్లెకెళ్లి పొగ. నా అద్దాలు మసకైనయి. కౌసల్య సంచిల నీళ్ల సీస గడ్డకట్టి టక్కుమని పగిలింది. నా మీసం మీద మంచు పేరుకుంటే దులుపుకుంట కూసున్న. హాలు అవుతల గూడ కురిసిందిరా మంచు! పొద్దుగాల మెదక్ రోడ్డు పొంటి తెల్లగ కనవడలేదా నీకు?"

"గది మున్సిపాలిటోళ్లు చల్లిన బ్లీచింగ్ పౌడరు సేటు," అన్న.

"వాసన చూసినవా?"

"చూసిన."

"సగం పౌడరు, సగం మంచు," అన్నడు సేటు, కన్ను గూడ ఆర్పకుంట. యాదగిరన్న నవ్వి ఇంకో చాయ్ వొంపిండు. బయట వాన జోరందుకున్నది. రేకుల మీది సప్పుడుకు సేటు గొంతు పెంచిండు.

"ఇగ చూడు, అసలు సినిమా అప్పుడొచ్చింది. పెద్ద చెరువు, కోమటిచెరువు అసొంటియి దాంట్ల ఒక మూలకు సరిపోతయి. మొత్తం గడ్డకట్టింది. చెట్టు లేదు, పిట్ట లేదు. నడిమిట్ల ఒక్క ఆడామె, ఎర్రటి ఉన్ని కోటు. మనకు వీపు వెట్టి నిలవడ్డది. అట్లనే చేతులు లేపింది. అట్లనే వంగింది. అవుతలికి అవుతలికి పోతున్నది గని తిరుగుత లేదు. హాలంత గదే ఎదురుచూపు, ఇప్పుడు తిరుగుతది, ఇప్పుడు తిరుగుతది. తిరుగదు! కింద మంచు మాత్రం సప్పుడు చేస్తున్నది. ఎట్ల చెప్పాలె, పెద్ద జంతువు నిద్రల మూలిగినట్టు."

నా చేతుల చాయ్ చల్లారింది, తాగుడు మరిచిన.

"నడుమ నడుమ ఆమె చెయ్యి ఎనుకకు వెట్టి, వేళ్లతోని, దా దా అన్నట్టు పిలుస్తున్నది. జనం లేస్తున్నరురా! ఒక్కొక్కరు లేచి, నిద్రల నడిచినట్టు తెర దిక్కు పోతున్నరు. పిల్లగాండ్లు, ముసలోళ్లు, అంతెందుకు, మేడం గూడ. నేను అడ్డం నిలవడి చేతులు చాపిన. 'ఆగున్రి! పోతే నేను పోత, నాకు ఎనుక ఎవ్వరు లేరనుకోన్రి!' అన్న. చెప్పులిడిసి తెరలకు కాలు వెట్టిన."

"తెర చినుగలేదా?" అన్నడు యాదగిరన్న.

"నేను కట్టిన తెర చినుగుతదా? కాలు వెట్టంగనే మంచు. అరికాలు అంటుకపోతున్నది, పీకి పీకి అడుగేస్తున్న. కిందికి చూసిన, చూడకపోతేనే మంచిగుండు. మంచు కింద మనుషులున్నరు. తలకిందులుగ నడుస్తున్నరు. నేను ఏడ కాలు వెడితే గాడనే, కిందికెళ్లి, ఇంకో అరికాలు వచ్చి అంటుకుంటున్నది. నేను ఆగితే అది ఆగుతది. నేను ఉరికితే అది ఉరుకుతది. ఎవ్వరిదో కాలు. ఆడామెది లెక్క, మెట్టెలున్నయి."

నాకు తెల్వకుంటనే నా కాళ్లు బల్ల మీదికి ఎత్తుకున్న.

సేటు మమ్మల్ని చూసి ఖుషీ అయిండు. ఇగ ఆగలే. మంచు పగిలితే దుకాణంలకెళ్లి స్టీలు పళ్లాలు తెప్పిచ్చి, పగులు మీద ఒక్కొక్కటి పరుసుకుంట నడిచిండట. ఆ ఎర్రకోటు ఆమె ఎనుక ఫిన్లాండు నుంచి స్వీడను దాకా పోయిండట. గాడి డాన్సోళ్లందరిని జమచేసి కోలాటం నేర్పిచ్చిండట. కట్టెలు లేకుంటే ఇంటి చూర్లకు వేలాడే మంచు కడ్డీలు ఇరిసి ఇచ్చిండట. అందరిని ఎంబడి తోలుకొని కోమటిచెరువు మీదికి దిగిండట. చెరువు దెబ్బకు గడ్డకట్టిందట.

"సూర్యుడు పొడుస్తుంటే ఆగు అన్న, మంచు కరుగుతది అని. ఆగిండు," అన్నడు. "అందుకే గదరా పొద్దటిసంది గీ ముసురు!"

యాదగిరన్న చెయ్యెత్తి దండం వెట్టిండు. నేను నవ్వుతనే అడిగిన. "సరే సేటు. స్వీడను దాకా పోతివి. ఆమెను అందుకుంటివి. మరి ముఖం ఎట్లుండె?"

సేటు సాసర్ల మిగిలిన చాయ్ దిక్కు చూసుకుంట కూసున్నడు.

"భుజం మీద చెయ్యేసి తిప్పిన," అన్నడు ఆఖరికి, మెల్లగ. "ముఖం లేదు. మా దుకాణంల కొత్త పళ్లెం ఉంటది చూడు, గట్ల నున్నగ. ఏం లేదు."

"బావా, ఇగ చాలు."

మాట్లాడింది నాగభూషణం. బిస్కెట్ పొడి చేతులకెళ్లి దులుపుకొని మా బల్ల కాడికి వచ్చి నిలవడ్డడు.

"సలి లేదు, మంచు లేదు, నేను నీ ఎనుక వరుసలనే కూసున్న. నువ్వు తెరలకు పోలే. జనమెవ్వరు లేవలే. లేచింది మా అక్క ఒక్కతే."

"కౌసల్యమ్మనా?" అన్న.

"ఆ ఎర్రకోటు సినిమా నడుస్తుంటే అక్క లేచింది. ఎవ్వరు పిలువలే. తెర ముందట మనకు వీపు వెట్టి నిలవడ్డది. తెర మీదామె ఎటు వంగితే అక్క అటు వంగింది. ఎట్ల ఊగితే అట్ల ఊగింది. ఒక్కలు గూడ దగ్గలే, కదలలే. నేను అబద్ధం చెప్ప. ఒక కాడ అక్కనే ముందుగాల చేతులెత్తింది. తెర మీదామె తర్వాత ఎత్తింది. ఆ సినిమా ఇంతకుముందు చూసినవా అక్కా అని పొద్దుగాల అడిగిన. చూడలే అన్నది."

నాగభూషణం మా దిక్కు తిరిగిండు.

"బావ ఏం చేసిండో చెప్పాల్నా? సినిమా అయిపోకముందే తలుపు నూకుకొని ఉరికిండు. ఇంటికి పోలే. దుకాణంల బిందెల నడిమిట్ల పండుకున్నడు. ఫోనెత్తుత లేడని అక్క నాకు చేసింది, జర ఎతుకు అని."

నాకు నవ్వొచ్చింది గని సేటు ముఖం చూసి మింగిన. ఆయన ముసలోడు అని నాకెప్పుడు అనిపియ్యలే. గప్పుడు అనిపిచ్చింది.

"మీ అక్క లేస్తుంటే చెయ్యి వట్టుకున్న, నాగభూషణం," అన్నడు సేటు. "సల్లగుండె. 'ఏడికి కౌసల్యా' అన్న. విడిపిచ్చుకొని పోయింది, నేను ఎవ్వరో అన్నట్టు. ఇగ ఆమె వీపు చూసుకుంట కూసున్న. ఎన్నేండ్ల సంది చూస్తున్న వీపు, పొయ్యి కాడ, దేవుని అర్రల. దాంట్ల గదంత ఏడ దాగి ఉండెరా? కొంచెంసేపటికి తెర మీద ఎవ్వరో, తెర ముందట ఎవ్వరో తెలువకుంటయింది. అయిపోతే తిరుగుతది గదా. తిరిగినంక అది కౌసల్య కాకుంటే? నేనేం చెయ్యాలె?"

"అక్కనే ఉండె," అన్నడు నాగభూషణం. ఆయన గొంతుల కోపం లేదు. "చెమట, ఏడుపు, నవ్వు, అన్ని కలిసి. జనం లేచి చప్పట్లు కొట్టిన్రు. మేడం వచ్చి అలుముకున్నది. అక్క ఎవ్వరిని చూడలే బావా. ముందుగాల నీ కుర్సీ దిక్కు చూసింది. ఖాళీగుండె."

సేటు సాసరు పక్కకు జరిపిండు. లేచి, లాల్చీ సదురుకొని, వాన దిక్కు చూసిండు.

"మహేందర్, ఆటో తీయ్."

"ఇల్లు గీ గల్లీ చివరనే గదా సేటు. గొడుగు ఇస్త."

"తీయ్ అంటున్న గదరా," అన్నడు. నాకు తప్ప ఎవ్వరికి వినవడకుంట, నా చెవి కాడికి వంగి, "తలుపు నువ్వే కొట్టు. ఆమె తీస్తది. ముఖం చూసి, ఆమెనేనా, నాకు చెప్పు. గప్పటిదాంక నేను ఆటోలనే కూసుంట," అన్నడు.