ఇరవై రెండో నెలలో గిడ్డయ్యన్న

ఈ పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చున్న మా సూపరింటెండెంట్ డాక్టర్ భీమసేనరావు గారికి, ఆదోని నుంచీ హొళగుంద నుంచీ బస్సులు మారి వచ్చిన తోటి ఉద్యోగులకు, పూలదండ బరువుకు తల వంచుకుని కూర్చున్న మా గిడ్డయ్యన్నకు, పక్కనే ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న సుభద్రమ్మక్కకు నా నమస్కారాలు. నేను హేమను, రికార్డు గదిలో కంప్యూటర్ ఆపరేటర్‌ను. రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. రెండింట్లో అయ్యేది కాదు, మిక్చర్ పొట్లాలు కాస్త ఆగాలి. (నవ్వులు)

గిడ్డయ్యన్న ముప్పై నాలుగేళ్ళు రోగుల కాగితాలు కాపాడిన మనిషి. ప్రతి కాగితాన్నీ ముందరి కాగితానికి కలిపి దారంతో కుడతారు. తప్పు రాస్తే కొట్టెయ్యనివ్వరు, తెల్లరంగు పూయనివ్వరు. దాని కిందనే సరైన మాట రాసి సంతకం, తేదీ వెయ్యాలి. పోయినేడు మార్చిలో మన ఆస్పత్రికి బ్లాక్‌చైన్ వచ్చింది. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన గంటన్నర చెప్పారు: ప్రతి నమోదూ ముందుదానికి గొలుసులా తగులుకుని ఉంటుందని, నకలు అన్ని ఆస్పత్రుల్లోనూ ఉంటుందని, రాసినదాన్ని ఎవరూ చెరపలేరని, కిందన దిద్దుబాటు మాత్రం చేర్చవచ్చని. మేమంతా తెల్లమొహాలు వేస్తే గిడ్డయ్యన్న ఆవలించి, "ఇందులో కొత్తేముందప్పా, దారం లేదు, అంతే" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఒక పేరు నమోదు చేసి చూడమన్నారు. ఉత్త అభ్యాసమే అనుకుని ఎదురుగా కనిపించిన గిడ్డయ్యన్న పేరు కొట్టారు. వయసు అరవై ఒకటి. ఏ సేవో ఎంచుకోనిదే ముందుకు పోదు. జాబితాలో మొదటిది గర్భిణుల సేవ. నెల ఎన్నోది అని అడిగితే ఉరుకుంద ఈరన్న స్వామిని తలుచుకుని ఏడు కొట్టారు. అది అభ్యాసం కాదని తరువాత తెలిసింది. (నవ్వులు)

మరుసటి వారం హొళగుంద నర్సు మల్లేశ్వరక్క ఫోన్ చేసి, ఈ గిడ్డయ్య ఎవరు, ఆరోగ్యం ఎట్లుందని అడిగింది. ఆశా కార్యకర్త ఇనుము మాత్రలు తీసుకుని నందవరంలో ఆయన ఇంటికే పోయింది. సుభద్రమ్మక్క ఆ మాత్రలు పళ్ళెంలో పెట్టి ఆయన ముందుకు జరిపి, "ముప్పై ఎనిమిదేండ్లు కాపరం చేస్తి. నాకు ఒక్క మాటన్నా చెప్పకపోతివే" అన్నదట. అక్కా, ఔనా కాదా? (ఆమె తల ఊపారు. నవ్వులు)

జులై నాటికి గిడ్డయ్యన్నకు పదకొండో నెల. కాన్పు గడువు దాటిందని అన్ని ఆస్పత్రుల తెరల మీదా ఎర్రగీత. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి, ఇది ఎవరి పని అని అడిగారు. రికార్డు గదికంతా ఒకటే పాస్‌వర్డ్, మనిషి ఎవరో తెలియదు. గిడ్డయ్యన్న లేచి, "నేనే సార్. కండ్లు సరిగా ఆనక నా పేరే కొట్టుకున్నాను" అన్నారు. మెమో ఇచ్చారు. ఆగస్టు పదిహేనున ఉత్తమ ఉద్యోగిగా ప్రశంసాపత్రం అందుకోవలసినవారి జాబితాలో ఆయన పేరుండేది. తీసేశారు.

ఇంతసేపూ "కొట్టారు, కొట్టారు" అంటున్నాను. కొట్టింది నేను సార్.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అదిగో, వెనక వరుసలో మా అమ్మ. ఇంకా పత్తి చేనికి కూలికి పోతూనే ఉంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం, అప్పటికి చేరి నాలుగు నెలలు. భయపడి నోరు మూసుకున్నాను. ఎందుకన్నా అట్లా చెప్పినావు అని అడిగితే, "నాకు ఉండేది ఒక్క సంవత్సరం పాపా. నీకు ఇప్పుడే కదా మొదలు" అన్నారు. ఆ భయం ఈ నిమిషానికీ పోలేదు. కానీ రేపటి నుంచి ఆ గదిలో ఆయన ఉండరు, ఆయన కుట్టిన దారాలు ఉంటాయి. వాటి ముందు నేను కూర్చోవాలి.

దిద్దుబాటు చేర్చే అనుమతి పోయిన వారమే వచ్చింది. ఈ పొద్దున చేర్చాను: "పై నమోదు తప్పు. చేసినది హేమ. గిడ్డయ్యకు సంబంధం లేదు." అన్ని ఆస్పత్రులకూ చేరిపోయింది. ఇక మీరూ చెరపలేరు సార్. నన్ను ఏమి చేస్తారో మీ ఇష్టం. ఆయన సర్వీసు రిజిస్టరు మాత్రం ఇదిగో, తెచ్చాను. మెమోను కొట్టెయ్యమనను, అది ఆయన పద్ధతి కాదు. దాని కిందన ఒక్క వాక్యం, సంతకం, తేదీ. (డాక్టరు గారు జేబులోంచి పెన్ను తీశారు. చప్పట్లు)

ఒక్క సంగతి మిగిలింది. లెక్క ప్రకారం ఇవాళ్టికి గిడ్డయ్యన్నకు ఇరవై రెండో నెల. కాన్పు ఫలితం గడి నింపనిదే ఆ దిద్దుబాటు మూతపడదు. ఉన్నవాటిలో అబద్ధం కానిది ఒక్కటే కనిపించి, అదే నొక్కాను: "తల్లి క్షేమం." (నవ్వులు, చప్పట్లు)

ఓపికగా విన్నందుకు మీకు, నా మీద ఎర్రగీత పడనివ్వనందుకు ఆయనకు కృతజ్ఞతలు. గిడ్డయ్యన్నా, గది తాళంచెవి ఇచ్చి పో. సెలవు.