దాటేసిన పేరు

నాచారంలో కంప్యూటర్లు తయారుచేసే కంపెనీ, పంతొమ్మిది వందల డెబ్బై ఆరో సంవత్సరం. సాయంత్రానికల్లా తోటి ప్రోగ్రామర్ బసవరాజు ఉద్యోగం ఊడుతుందని తెలిసి, సూర్యకళ అన్నం కూడా తినకుండా సెక్షన్ హెడ్ నరసింహమూర్తి గదిలోకి పరుగున వచ్చింది. అతన్ని కాపాడే దారి దొరికిందని ఎంత సంబరంగా వచ్చిందో, పాపం.

“అంటే బసవరాజు తప్పేం లేదంటావు.”

“లేదు సార్. ప్రోగ్రామ్‌ల తప్పులు పట్టే డీబగ్గరే తప్పు చెప్పింది.”

“కూర్చో. మన మిషన్ కొన్న మిల్లువాళ్ళ జీతాల ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయింది. అందులో ఎవరు రాసిన ముక్క, ఎవరి రొటీన్ వల్ల ఆగిందో చూడమంటే డీబగ్గర్ బసవరాజు పేరు చూపింది. అంతేగా?”

“అంతే సార్. ఒక రొటీన్ ఇంకోదాన్ని పిలిస్తే, తిరిగి యాడికి పోవాల్నో స్టాక్‌ల ఒకదాని మీద ఒకటి రాసిపెట్టుకుంటది గద. మిషన్ ఆగినంక డీబగ్గర్ ఆ స్టాక్ పట్టుకొని ఎనకకు పోతది. దీన్ని ఎవరు పిలిచిన్రు, వాళ్లని ఎవరు పిలిచిన్రు అని.”

“ఆ మాత్రం నాకూ తెలుసమ్మా.”

“అదే సార్... రొటీన్ అప్పుడే మొదలయి, ఇంకా ఏం రాసుకోకముందే మిషన్ ఆగిందనుకోండి. డీబగ్గర్ మాత్రం రాసుకుందనే అనుకుంటది. అసలు పిలిచినోళ్లని దాటేసి, వాళ్ల పైనోళ్ల పేరు చెప్తది. పొద్దున సరిజేసిన సార్. ఇప్పుడు ఒక్క పేరు గూడ తప్పిపోతలేదు.”

“ఆ డీబగ్గర్ రాసిందెవరు?”

“నేనే సార్. తప్పు నాదే.”

“భేష్. ఇలా ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు. దాటేసిన పేరు ఎవరిది?”

“అది... పాత రొటీన్ సార్.”

“పాతదే. ఎవరు రాశారు?”

“శానా పాతది సార్.”

“సూర్యకళా.”

“మీరే సార్.”

“ఇంకెవరికి చెప్పావు?”

“ఎవ్వరికి చెప్పలే. ముందుగాల మీకే చెప్పాలనిపిచ్చింది. డైరెక్టర్ గారికి మీరొక్క మాట చెప్తే బసవరాజన్న నౌకరి నిలుస్తది.”

“నిలుస్తుంది. ఎందుకు నిలవదూ. ఉండు, పిలుస్తాను. బసవరాజూ, ఇలా రావయ్యా.”

“వస్తున్న సార్... ఏంది చెల్లె, అన్నానికి రాకపోతివి? నీ డబ్బ గట్లనే ఉన్నది.”

“బసవరాజూ, నీ అదృష్టం బాగుంది. నీ మీద నింద వేసిన డీబగ్గర్ తప్పుల తడకట. రాసిన మనిషే ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ మనందరినీ తప్పుదారి పట్టించింది ఈవిడే. తప్పు ఎవరిదో డైరెక్టర్ గారికి ఒక పేరు కావాలి. కాసేపట్లో నిన్నే అడుగుతారు.”

“గట్ల కాదు సార్. బసవరాజన్నా, మిల్లుల మిషన్ ఆగింది నా డీబగ్గర్‌తోని కాదు. సార్ రొటీన్‌తోని. దాటేసిన పేరు సార్‌ది.”

“విన్నావా బసవరాజూ?”

“విన్న సార్.”

“ఎవరి పేరు చెప్తావో నీ ఇష్టం. నాది చెప్తానన్నా కాదనను. కాకపోతే నిన్ను పర్మనెంటు చేయాల్సింది కూడా నేనే.”

“అన్నా, జర మాట్లాడు. నీ కోసమే వచ్చిన గద.”

“టైమవుతోందయ్యా.”

“అన్నా...”

“సార్, ఈమె పేరు ఇంటిపేరుతోటి చెప్పాల్నా, ఉత్త పేరు సాలునా?”