ఒట్టుపాలు కట్టిన కర్ర

"అమ్మమ్మా, ఈ స్నేక్ వీడియో చూడు. ఎడారిలో ఉంటాదంట, చాలా విషం. తోక ఆడిస్తే గలగల అంటాది. మన మలేసియాలో ఉంటాదా?"

ఏదీ, ఇలగియ్యి ఆ ఫోను. కళ్ళజోడు ఎక్కడెట్టినాను... ఆ, సరే. ఓలమ్మ, ఇసకలో ఎలగ సుట్టుకున్నాదో. తల సూడు, ముక్కోణం తల. ఏటీ, కాటేసేముందు సప్పుడు సేసి సెప్తాదా? మంచిదేనే మరి. మా కాడుండేది సెప్పదు.

మా కాడంటే ఇక్కడ జార్జ్ టౌన్‌లో కాదు, కెడా పక్క, రబ్బరు ఎస్టేటులో. అప్పుడు మీ అమ్మ నా కడుపులో... కాదు కాదు, మీ పెద్దమామ. మీ అమ్మ ఆ తరవాత. మలాయోళ్ళు దాన్ని కాపాక్ బోడో అంటారు. బోడో అంటే నీకు తెలుసు గదా, ఎర్రిబాగులది. కాలి సప్పుడైతే ఏ పామైనా పారిపోతాది, ఇది పోదు. ఉన్నకాడే ఉంటాది. వొళ్ళు ఎండాకు రంగు, ఈపు మీద ముక్కోణం మచ్చలు. రబ్బరు సెట్లు ఆకు రాల్చినప్పుడు అందులో పడుంటే దేవుడికైనా కనపడదు. కోపమొస్తే అదీ తోక ఆడిస్తాది గానీ, దానికి నీ పాములాగ గిలక నేదు. ఎండాకుల్లో సరసరమంటాది, అంతే. మనం నడిసినా సరసరే గదా, ఏది ఏదో ఎవులికి తెలుస్తాది?

అందుకే మాకొక పద్ధతుండేది. పాము ముందు ఎవులికి కనపడితే ఆళ్ళు అక్కడొక కర్ర పాతాలి, కొసకి ఒట్టుపాలు కట్టాలి. ఒట్టుపాలంటే సెట్టు కోతలో ఎండిపోయిన రబ్బరు పీచులే. అది సూసి అందరూ సుట్టూ తిరిగి పోతారు. పామెల్లిపోయినాక పాతినోడే పీకాలి, ఇంకొకలు ముట్టకూడదు. ఆ కర్రే దానికి గిలకనుకో. నేను దాన్ని పీకేసినాను.

నూకాలు అమ్మమ్మ నీకు గుర్తుందా? మా పెద్ద యారాలు, మీ తాత అన్న పెళ్ళాం. కుంటుకుంటా నీకు మురుకులు తెచ్చేది. ఆ కాలు ఎలగ పోయినాదో నీకెవులూ సెప్పుండరు. నావల్లే పోయినాది.

మా పక్క వరసలో ఒక తమిళ తాత రబ్బరు సెట్లు గీసి పాలు తీసేవాడు. ఆయన ఒక సెట్టుకాడ కర్ర పాతినాడు, మర్నాటి నుంచి జొరంతో పనికి రానేదు. ఆయన వరసకి ఇంకెవులూ ఎల్లనేదు, ఐదు రోజులు ఆ కర్ర అలగే ఉన్నాది. ఆరో రోజు పాలు దించేసి పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటన్నాను. మిట్ట మజ్జానం, ఒక్క పిట్ట కూయనేదు. సెట్లకి ఆకు నేదు గదా, ఎండ నేల దాకా వస్తన్నాది. వొంగి సూసినాను తల్లీ. మంచిగా సూసినాను, వొట్టి ఆకులే. ఐదు రోజులు కదలకుండా ఏ పాముంటాది, తాత మరిసిపోయుంటాడు అనుకున్నాను. పీకి మోపులో ఎట్టుకున్నాను.

మర్నాడు తాత వరస నూకాలక్కకి ఇచ్చినారు. ఆ సెట్టుకాడ సిప్పలో పాలు వొంపుకుంటన్నాది. అరవను కూడా అరవనేదు. "సిన్నీ, కాల్లో ఏదో గుచ్చుకున్నాది" అన్నాది. లారీ ఎక్కించేసరికి కాలు మోకాలి దాకా ఉబ్బిపోయినాది, పళ్ళ సందుల్లోంచి రగతం. ఆస్పత్రిలో బతికించినారు గానీ సగం పాదం తీసేసినారు.

సాయంత్రం మగోళ్ళు ఎల్లి సూస్తే, అది అక్కడే ఉన్నాది. అదే సుట్ట, కదలనేదు. దాని పక్కనే అక్క సెప్పు. రెండు రింగిట్లెట్టి కొన్న కొత్త సెప్పు. కర్రతో లేపితే కింద గుడ్లున్నాయి, గుడ్లు కాస్తన్నాది అది. అప్పుడు నాకు తెలిసినాది. ముందురోజు నేను సూసినవి ఆకులు కావు. దాన్నే సూసినాను, అదీ నన్నే సూసినాది, జానెడు దూరంలో. నన్నెందుకు ఒగ్గేసినాదో ఇప్పుడికీ తెలీదు. ఈ పదో అంతస్తులో కూడా మంచం దిగేముందు కింద సూసుకుంటాను, నువ్వు నవ్వుతావు గానీ.

అందరూ తాత మీద పడ్డారు, నీ వరసలో పాముంటే కర్ర ఎందుకు పాతనేదని. పాతినాను, మారియమ్మ మీద ఒట్టు అంటాడాయన. ఎవులూ నమ్మనేదు. నేనక్కడే ఉన్నాను, నోరు తెరవనేదు. తెరిస్తే అత్తోరింట్లో నాకు చోటుండదని బయం. నెల తిరక్కుండా ఆయన మూటకట్టుకుని ఎస్టేటు ఒగ్గి ఎల్లిపోయినాడు.

ఆ కర్ర మా ఇంటి ఎనక మోపులోనే ఉన్నాది. కాలిస్తే రబ్బరు కంపు వరసిళ్ళన్నిటికీ కొడతాదని బయం, పారేస్తే ఎవులైనా సూస్తారని బయం. అడుక్కి తోసేసినాను. అక్క ఆస్పత్రి నుంచొచ్చిన కొన్నాళ్ళకి, ఒకరోజు పని నుంచి వస్తంటే గుమ్మంలోనే వాసనొచ్చినాది. కాలిన రబ్బరు వాసన. లోపలికెల్లి సూస్తే అక్క పొయ్యి ముందు కూకున్నాది, కట్టు కట్టిన కాలు సాపుకుని. పొయ్యిలో ఆ కర్ర మండతన్నాది. నన్ను సూసినాది. కదలనేదు.

"కంచం తెచ్చుకో సిన్నీ, కడుపుతో ఉన్నావు" అన్నాది.

అంతే. సచ్చిపోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తనేదు, నేనూ ఎత్తనేదు. ఎన్నేళ్ళు ఒకే పొయ్యి మీద వొండుకున్నాం. సచ్చిపోయినాక ఆ సగం పాదం నేనే కడిగినాను. అక్క నన్ను కాపాడినాదనుకున్నానే ఇన్నాళ్ళూ. కాపాడినాది, నిజమే. తాత కర్ర పాతినాడని మాత్రం మేమిద్దరం ఎవులికీ సెప్పనేదు. ఆయన అబద్ధమాడినోడిగానే పోయుంటాడు ఎక్కడో.

నువ్వు సల్లగుండాల తల్లీ. ఏదైనా పొరపాటు సేస్తే ఆ రోజే సెప్పీ. ఏదీ, ఆ పాము సప్పుడు మళ్ళీ ఒకసారి ఎట్టు... ఇంకొంచెం పెద్దగా...