నమ్మకం లేక కాదు

తాళాలు బాగుచేసే కొట్టు ముందు, బోర్డులు రాసే మనిషి నిచ్చెనెక్కి నిలబడ్డాడు. కింద అన్నాచెల్లెళ్ళు. కొట్టు ఇద్దరిదీ, తాళంచెవి మాత్రం అన్నగారి జేబుదే.

“ఏదో ఒకటి తేల్చండి సార్, రంగు ఆరిపోతోంది. కొట్టు పేరు రాసేశాను. కింద ‘నమ్మకానికి మారుపేరు’ అని వేసెయ్యనా?”

“వేసెయ్.”

“ఆగండాగండి! నమ్మండి నమ్మండి అని మొత్తుకునేవాణ్ణి ఎవరైనా నమ్ముతారా అన్నయ్యా?”

“సరే, ‘విశ్వాసం’ అందాం. గంభీరంగా ఉంటుంది.”

“విశ్వాసం కుక్కకుంటుందంటారు. మనం తాళాలు బాగుచేస్తామా, మొరుగుతామా?”

“పోనీ, ‘భరోసా’?”

“ఓట్లప్పుడు వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి.”

“‘ధీమా’ పెట్టుకోండి మేడమ్. రెండే అక్షరాలు, నాకు రంగూ కలిసొస్తుంది.”

“తాళం వేసినవాడి ధీమానా, పగలగొట్టేవాడి ధీమానా?”

“అన్నిటికీ వంకలే! నువ్వే చెప్పు మరి, ఏం కావాలో.”

“రెండో తాళంచెవి కావాలి.”

“మళ్ళీ మొదలెట్టావా? బోర్డు సంగతి మాట్లాడుతుంటే…”

“నేనూ అదే మాట్లాడుతున్నా. కొట్లో సగం నాది. నువ్వొచ్చేదాకా రోజూ మెట్టు మీద ఎండలో కూర్చుంటున్నా. వచ్చేపోయేవాళ్ళు, ‘ఏమ్మా, మీ తాళంచెవే పోయిందా?’ అని నవ్వుతున్నారు.”

“నీ మీద నమ్మకం లేక కాదమ్మడూ…”

“లేక కాదంటే? ఉందనా?”

“ఉందనే. లేక కాదు.”

“ఉంటే ‘ఉంది’ అనొచ్చుగా! దానికి ముందొక ‘లేక’, వెనకొక ‘కాదు’ కాపలా ఎందుకు?”

“సార్, కాళ్ళు లాగేస్తున్నాయి.”

“నువ్వుండవయ్యా! అది కాదే, నీకు మతిమరుపు. గొడుగు పోగొట్టావు, కళ్ళజోడు పోగొట్టావు…”

“గొడుగు పోగొట్టింది నువ్వు.”

“ఆఁ… నేనా?”

“నువ్వే. కళ్ళజోడూ నీదే. అయినా నిన్ను నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేసి వచ్చాను. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరన్నయ్యా. నమ్మినవాడు మోసం చేస్తే తిట్టి పోతాం. నమ్ముకుంటే… మెట్టు మీద కూర్చుంటాం.”

“ఏడుస్తున్నావా?”

“లేదు. రంగు ఘాటు.”

“…ఇదిగో, పట్టుకో. ఎప్పుడో చేసిపెట్టాను. ఇద్దామని జేబులో చెయ్యి పెట్టడం, ఉత్త చెయ్యి బయటికి రావడం. నాకూ సిగ్గుగానే ఉంది. ఇక నేను రాకపోయినా నువ్వే కొట్టు తియ్యొచ్చు.”

“నువ్వు రాకపోయినా తియ్యడం నాకెప్పుడో వచ్చు.”

“చెవి లేకుండా ఎలా తీస్తావే?”

“తాళాలు బాగుచేసేదాన్ని అన్నయ్యా! వంచిన కమ్మీ ఒక్కటుంటే చిటికెలో తీస్తాను. నువ్వు ఇస్తావని ఆగాను, అంతే.”