"ఎలుకల్లో" అనే ఒక్క మాట

1991 ఆగస్టు 5వ తేదీ, సోమవారం ఉదయం మా పరిశోధనా సంస్థలో సహాయకురాలిగా చేరి, నేడు జీవశాస్త్ర విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న, మేమంతా పెద్దక్క గారని పిలుచుకునే మా అధికారిణి గురించి రాయడానికి నేనంటే నేనని ముందుకు వచ్చినవారు చాలామంది. నాకున్నంత కారణం మాత్రం వారిలో ఎవరికీ లేదు.

తొలినాళ్లలో వారి బాధ్యత గర్భం దాల్చిన ఎలుకల పోషణ. రేడియేషన్ తగలబోయే తల్లికి ముందుగానే విటమిన్లు, ఖనిజాలు కలిపిన ఆహారం పెడితే, కడుపులోని పిల్లలకు జరిగే హాని తగ్గుతుందా అన్నది ఆనాటి ప్రశ్న. ఆ ప్రశ్నకు వారు తమ యౌవనమంతా ధారపోశారు. చివరికి పిల్లలు ఆరోగ్యంగా పుట్టిన రోజున విభాగమంతా ఎగిరి గంతేస్తుంటే, పెద్దక్క గారు మాత్రం నివేదికలో "ఎలుకల్లో" అన్న మాట పడిందా లేదా అని చూసుకున్నారు. క్యాంటీన్‌లో ఎవరైనా ఆకుకూర కంటికి మంచిదంటే చాలు, "ఎలుకల్లోనా, మనుషుల్లోనా?" అని అడిగేవారు. ఆ దెబ్బకు వారి బల్ల దగ్గర తిండి గురించి మాట్లాడడమే మానేశాం.

పెద్దక్క గారు ప్రధాన పరిశోధకురాలిగా పదోన్నతి పొందిన తరువాత, ఆ మిశ్రమాన్ని గర్భిణులకు పొడిగా అమ్మదలచిన ఒక కంపెనీవారు డబ్బా మీద "ఎలుకల్లో" అన్న ఆ ఒక్క మాట వేయకుండా ఉండనివ్వమని బతిమాలారు. "ఆ మాట తీసేస్తే మిగిలేది అబద్ధమేనండీ" అని వారిని సాగనంపారు. దాన్ని చాదస్తమన్నవారూ లేకపోలేదు.

ఆ చాదస్తం విలువ నాకు తెలిసివచ్చింది. ఒకనాడు ఎలుకలకు రేడియేషన్ ఇచ్చే యంత్రం గదిలో, తలుపు తెరిచి ఉంటే యంత్రాన్ని ఆపే మీట మొరాయించి, నేను లోపల ఉండగానే కిరణాలు వెలువడ్డాయి. నేను గర్భవతినని అప్పటికి నాకే తెలియదు. తెలిసిన మరుక్షణం వారి గదికి పరుగెత్తాను.

"అక్కా, ల్యాబులో ఉన్న మీ పొడి ఒక్క డబ్బా ఇవ్వండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"ఎలుకకైనా ముందు పెడితేనే పనిచేసిందమ్మా. తర్వాత పెట్టి చూశాం, ఏం లాభం లేదు. నీకిప్పుడు ఇస్తే అదే కాపాడుతుందనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా కూర్చుంటావు. ఏడుపాపి లే, నేనూ వస్తా."

నా కోటుకున్న బ్యాడ్జిలో నమోదైన రేడియేషన్ మోతాదు వివరాలు తెప్పించి, వైద్యురాలి ఎదుట కూర్చుని, అనుమానం తీరేదాకా అడిగారు. భయపడవలసినంత మోతాదు కాదని ఆవిడ తేల్చిచెప్పాక కూడా, ప్రతి స్కానింగుకూ నా వెంట వచ్చారు. పాప క్షేమంగా పుట్టింది.

మా అత్తగారు పాపను ఎత్తుకుని ఆఫీసుకే వచ్చేశారు. "అంతా మీ మందు చలవే తల్లీ!"

"మందేం లేదు అమ్మగారూ. అడిగినా నేనివ్వలేదు."

"ఇవ్వకపోతేనే ఇలా గుక్కపట్టి ఏడుస్తోంది, ఇచ్చుంటే మీ ఆఫీసు కప్పు లేచిపోయేది!"

ఆ రోజున ఒక డబ్బా నా చేతిలో పెట్టి పంపేసి ఉంటే, నేను జన్మంతా వారిని దేవతగా కొలిచేదాన్ని. ఆ పూజ వద్దనుకుని, నిజం చెప్పి, చెయ్యి పట్టుకుని నాతో నడిచారు. అంతటి మనిషి దగ్గర పనిచేయడం నా అదృష్టం.

మా అమ్మాయికి ఇప్పుడు పద్దెనిమిదేళ్లు. వారిని పెద్దమ్మా అనే పిలుస్తుంది. ఆ పిలుపుకు "ఏమ్మా" అని పలికే ఓపిక, ఆరోగ్యం మా పెద్దక్క గారికి నిండు నూరేళ్లూ ఉండాలని, మా ఇంటిల్లిపాదీ మనసారా కోరుకుంటున్నాం.